శాశ్వత సంతాన నిరోధం – షరీఅత్ దృక్పథం

మానవ జీవితంలోని ఏ రంగాన్నీ ఇస్లాం మార్గదర్శకత్వం లేకుండా వదలిపెట్టలేదు. దాంపత్యం, సంతానం, తల్లి ఆరోగ్యం – వీటన్నిటి గురించి దివ్య ఖుర్‌ఆన్‌లోనూ, దైవప్రవక్త (స) ప్రవచనాల్లోనూ స్పష్టమైన మూలసూత్రాలు ఉన్నాయి. ఆ సూత్రాల వెలుగులో పూర్వపు ఇమాములూ, ఆధునిక ధర్మవేత్తలూ సంతాన నిరోధం గురించి సవిస్తరంగా చర్చించారు. అయినప్పటికీ మన తెలుగు ముస్లింలలో ఈ విషయమై చాలా గందరగోళం నెలకొని ఉంది. దీనికి ధర్మజ్ఞానం కొరవడటం ఒక కారణమైతే, అంతకన్నా పెద్ద కారణం మన వాడుక భాష.

ఏలూరులోగాని, తాడేపల్లిగూడెంలోగాని, కొల్లేటి చుట్టూ ఉన్న కైకలూరు, ఆకివీడు, భీమడోలు, నిడమర్రు ప్రాంతాల్లోగాని “ఆమె ఫ్యామిలీ ప్లానింగ్ చేయించుకుంది” అంటే దానికి అర్థం ఒక్కటే: ఆమెకు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిందని. మాత్రలు వాడే స్త్రీని గురించిగాని, కాన్పుకూ కాన్పుకూ మధ్య మూడేళ్ళ ఎడం పాటించే దంపతుల గురించిగాని ఎవరూ ఆ మాట వాడరు. అరబ్బీ ధర్మశాస్త్ర గ్రంథాల్లో మాత్రం ఇవి రెండు వేర్వేరు మాటలు. ‘తన్‌జీమున్నస్ల్’ అంటే సంతానాన్ని క్రమబద్ధం చేసుకోవటం, కాన్పుల మధ్య ఎడం పాటించటం. ‘తఅఖీమ్’ అంటే సంతానశక్తినే తొలగించటం. ఈ రెండో దానినే ఉర్దూలో ‘నస్‌బందీ’ అంటారు. మాటలు వేరైనట్లే వీటి ధర్మతీర్పులు కూడా వేరు.

ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవటం వల్ల రెండు విధాల నష్టం జరుగుతున్నది. “ఫ్యామిలీ ప్లానింగ్‌కు ఇస్లాంలో అనుమతి ఉంది” అని ఎవరో చెప్పగా విని, రెండో కాన్పు కాగానే ఆపరేషన్‌కు సమ్మతించే దంపతులు ఒకవైపు. “ఫ్యామిలీ ప్లానింగ్ హరామ్” అని విని, రక్తహీనతతో మంచం పట్టిన స్త్రీ సైతం కొంతకాలం గర్భం రాకుండా జాగ్రత్తపడటం పాపమని భయపడి, పసిబిడ్డ పాలు మరవకముందే మళ్ళీ గర్భం ధరించే కుటుంబాలు మరొకవైపు. నిజానికి మొదటి వారికి ఆ అనుమతి లేదు, రెండో వారికి ఆ నిషేధం లేదు. ఈ రెండింటినీ విడదీసి చూపటమే ఈ వ్యాసం ఉద్దేశం.

శస్త్ర చికిత్సలో జరిగేదేమిటి?

ధర్మతీర్పు తెలుసుకునే ముందు విషయాన్ని ఉన్నదున్నట్లుగా తెలుసుకోవటం అవసరం.

పురుషునికి చేసే శస్త్ర చికిత్సను వేసెక్టమీ అంటారు. వృషణాల్లో తయారయ్యే వీర్యకణాలను తీసుకుపోయే వాహికలు రెండుంటాయి. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, వాటిని కత్తిరించి ముడివేస్తారు. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతిలో కత్తి కోత కూడా ఉండదు; చర్మానికి చిన్న రంధ్రం చేసి పని ముగిస్తారు. మన ఆసుపత్రుల్లో ‘కోత, కుట్టు లేని వేసెక్టమీ’ అంటున్నది దీనినే. మగతనం పోతుందనీ, బరువు పనులు చేయలేరనీ జనంలో ఉన్న అపోహలకు ఆధారం లేదు. వృషణాలు యథాతథంగా ఉంటాయి. హార్మోనులు ఎప్పటివలెనే రక్తంలో చేరుతుంటాయి. అయితే వాహికల్లో అప్పటికే చేరి ఉన్న వీర్యకణాలు తొలగిపోవటానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంతవరకు వేరే జాగ్రత్త పాటించి, ఆ తరువాత వీర్య పరీక్ష చేయించుకుని నిర్ధారించుకోవాలి.

స్త్రీకి చేసేది ట్యూబెక్టమీ. అండాన్ని గర్భాశయానికి చేర్చే అండవాహికలను కత్తిరించి ముడివేయటంగాని, వాటికి ఉంగరమో క్లిప్పో బిగించటంగాని చేస్తారు. కాన్పు అయిన ఏడు రోజుల లోపల బొడ్డు కింద చిన్న కోతతోనో, సిజేరియన్ సమయంలోనే దానితో కలిపియో, లేక కొన్ని వారాల తరువాత లాపరోస్కోపు సహాయంతోనో ఇది జరుగుతుంది. గర్భసంచిని తొలగించరు, రుతుస్రావం ఆగిపోదు. కాని పొట్ట లోపలికి చేరవలసిన చికిత్స కనుక మత్తు వల్లా, రక్తస్రావం వల్లా, చీము పట్టటం వల్లా కలిగే ప్రమాదం వేసెక్టమీలో కంటే దీనిలో ఎక్కువ.

ఈ రెండు చికిత్సలూ అరుదుగా విఫలం కావటం కూడా ఉంది. ట్యూబెక్టమీ చేయించుకున్న 1000 మంది స్త్రీలలో సుమారు ఐదుగురికి మొదటి సంవత్సరంలోనే గర్భం రావచ్చు. వేసెక్టమీలో ఈ సంఖ్య ఒకటి రెండు మాత్రమే. ట్యూబెక్టమీ విఫలమైనప్పుడు అండవాహికలోనే గర్భం నిలిచే ప్రమాదం ఉంది. అందుచేత ఆపరేషన్ అయిన స్త్రీకి నెల తప్పితే ఆలస్యం చేయక వైద్యులకు చూపించాలి. తెగిన వాహికలను తిరిగి అతికే రీకెనలైజేషన్ అనే చికిత్స ఉన్నప్పటికీ, దాని ఫలితం వయస్సు మీదా, మిగిలిన వాహిక పొడవు మీదా, గడచిన కాలం మీదా ఆధారపడి ఉంటుంది. తప్పక సంతానం కలుగుతుందని ఏ వైద్యుడూ హామీ ఇవ్వలేడు. కనుకనే దీనిని శాశ్వత పద్ధతిగా పరిగణించాలి.

మన ఇళ్ళలోకి ఇది ఎలా వచ్చింది?

భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని 1952లో ప్రారంభించింది. తొలి రెండు దశాబ్దాల్లో శస్త్ర చికిత్సల్లో పురుషుల పాలు అధికంగా ఉండేది. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో జరిగిన శిబిరంలో ఒక్క నెలలోనే 60,000కు పైగా వేసెక్టమీలు జరగగా, అది తక్కిన రాష్ట్రాలకు నమూనా అయింది. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధింపబడింది. 1976 ఏప్రిల్‌లో ప్రకటించిన జాతీయ జనాభా విధానం, నిర్బంధంగా శస్త్ర చికిత్స చేయించే చట్టాలు తెచ్చుకునే వీలును రాష్ట్రాలకు కల్పించింది. ఫలితంగా 1976–77 సంవత్సరంలో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా శస్త్ర చికిత్సలు జరిగాయి. వాటిలో 60 లక్షలకు పైగా పురుషులవే. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన లక్ష్యం 4 లక్షలు కాగా, జరిగినవి 7 లక్షల 40 వేలు.

ఢిల్లీలోని తుర్క్‌మాన్ గేట్, ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్, హర్యానాలోని మేవాతీ గ్రామం ఉటావర్ – ఈ పేర్లు ఆనాటి నిర్బంధానికి గుర్తులుగా చరిత్రలో మిగిలాయి. 1973లో హైదరాబాదులో ఏర్పడిన ముస్లిం పర్సనల్ లా బోర్డు, నోరు విప్పటమే కష్టంగా ఉన్న ఆ రోజుల్లో, నస్‌బందీ షరీఅత్‌కు విరుద్ధమని ప్రకటించింది.

1977 ఎన్నికల తరువాత ఆ శాఖ పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. నిర్బంధం పోయింది, కాని దానితోపాటు మరొక మార్పు కూడా వచ్చింది. ఆపరేషన్ భారం పురుషుని మీదనుండి స్త్రీ మీదికి మళ్ళింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 సంవత్సరాల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశంలో ఈ సంఖ్య సుమారు 38 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల శస్త్ర చికిత్సను ఆధారం చేసుకున్న దంపతులు నూటికి ఒకరు కూడా లేరు. పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన స్త్రీలు మన రాష్ట్రంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. ఈ లెక్కలో మన స్త్రీలు లేరనుకోవటం ఆత్మవంచన అవుతుంది.

ఇక్కడ మరొక విషయం గమనార్హం. ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీచేయరాదని ఆంధ్రప్రదేశ్‌లో 1994లో చట్టం చేశారు. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. జననాలు బాగా తగ్గినందున ఎక్కువమంది పిల్లలను కనవలసిందిగా ముఖ్యమంత్రే 2024లో బహిరంగంగా కోరారు. రాజ్యం అవసరాలు ముప్పై ఏళ్ళలో తలక్రిందులు కాగలవు. కాని ఆ ముప్పై ఏళ్ళలో ఒక స్త్రీ శరీరంలో జరిగిన శాశ్వత మార్పు తలక్రిందులు కాదు. షరీఅత్ తీర్పు జనాభా లెక్కల మీద ఆధారపడకపోవటంలోని వివేకం దీనివల్ల కొంత బోధపడుతుంది.

ఖుర్‌ఆన్, హదీసుల వెలుగులో

సంతానం దైవప్రసాదమనీ, జీవులన్నిటి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేననీ ఖుర్‌ఆన్ (11:6) తెలియజేస్తున్నది. పేదరికం కారణంగా సంతానాన్ని చంపటాన్ని అది రెండు చోట్ల నిషేధించింది. 6:151లో సంబోధన ఇప్పటికే పేదరికంలో ఉన్నవారిని గురించి. అక్కడ ఉపాధి వాగ్దానం ముందు తల్లిదండ్రులకు, ఆ తరువాత బిడ్డలకు చేయబడింది. 17:31లో సంబోధన రేపు పేదరికం వస్తుందేమోనని భయపడేవారిని గురించి; అక్కడ వాగ్దానం ముందు బిడ్డలకు, ఆ తరువాత తల్లిదండ్రులకు. ఈ సూక్తులు పుట్టిన బిడ్డలను చంపటం గురించినవే అనటం సత్యం. గర్భం రాకుండా చూసుకోవటమూ హత్యా ఒకటి కావు. కాని ‘తిండి పెట్టలేము’ అనే భయాన్ని సంతాన విషయంలో నిర్ణాయకం చేసుకునే మనస్తత్వాన్ని అవి ఖండిస్తున్నాయి.

ప్రవక్త (స) కాలంలో గర్భ నిరోధానికి ఉన్న మార్గం అజ్ల్, అనగా వీర్యాన్ని బయట విసర్జించటం. ఖుర్‌ఆన్ అవతరిస్తున్న కాలంలోనే తాము అజ్ల్ పాటించేవారమని హజ్రత్ జాబిర్ (ర) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పుట్టవలసి ఉన్న ప్రాణి పుట్టి తీరుతుందని ప్రవక్త (స) వివరించినట్లు అబూ సయీద్ ఖుద్రీ (ర) ఉల్లేఖించారు. అజ్ల్‌ను ఒక విధమైన గుప్త శిశుహత్యగా పేర్కొన్న హదీసు కూడా సహీహ్ ముస్లింలో ఉంది. ఈ ఉల్లేఖనాలన్నిటినీ సమన్వయపరచి అధిక సంఖ్యాకులైన పండితులు అజ్ల్ నిషిద్ధం కాదనీ, అవసరం లేనిచోట అవాంఛనీయమనీ నిర్ణయించారు. ఇమామ్ ఇబ్ను హజ్మ్ వంటి కొందరు మాత్రం పూర్తిగా నిషిద్ధమన్నారు.

సంతానశక్తిని శాశ్వతంగా పోగొట్టుకోవటం గురించిన హదీసులు వేరు. ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (ర) సంసారానికి దూరంగా ఉండి పూర్తిగా ఆరాధనలకే అంకితం కావాలని తలచగా ప్రవక్త (స) అనుమతించలేదు. అనుమతించి ఉంటే తాము నపుంసకులుగా మారటానికి కూడా సిద్ధపడేవారమని సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) చెప్పారు. యుద్ధ ప్రయాణాల్లో భార్యలకు దూరంగా ఉన్న సహచరులు అదే కోరినప్పుడు ప్రవక్త (స) వారించినట్లు ఇబ్ను మస్‌ఊద్ (ర) ఉల్లేఖించారు. వేసెక్టమీ నపుంసకత్వం కాదు. వాంఛ, సామర్థ్యం నిలిచే ఉంటాయని పైన చెప్పుకున్నాము. అయినప్పటికీ అల్లాహ్ శరీరంలో ఉంచిన ఒక శక్తిని తిరిగిరాని విధంగా తొలగించటమనే అంశం రెండింటిలోనూ సమానం. ఇక సృష్టిలో మార్పు చేయమని షైతాన్ ప్రేరేపిస్తాడని 4:119లో వచ్చిన హెచ్చరికను కూడా పండితులు ఈ సందర్భంలో ఉదహరిస్తారు.

ధర్మవేత్తల నిర్ణయాలు

హనఫీ ఫిఖహ్‌లో అజ్ల్‌కు భార్య అనుమతి అవసరమన్నది మూల నియమం. సంతానం పొందే హక్కు ఆమెకు కూడా ఉండటమే దీనికి కారణం. 19వ శతాబ్దపు దమాస్కస్ పండితుడు ఇబ్ను ఆబిదీన్, స్త్రీ గర్భాశయ ముఖాన్ని మూసుకోవటం గురించి కూడా చర్చించి, దానిలో భర్త సమ్మతి విషయాన్ని పరిశీలించాడు. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా’లో అజ్ల్ పాటించేవారి ఉద్దేశాలను విడివిడిగా తూచాడు. ప్రసవ ప్రమాదం నుండి భార్యను కాపాడటం ఆయన దృష్టిలో ఆక్షేపణీయం కాదు. ఆడపిల్ల పుడుతుందేమోననే భయంతో పాటించటం మాత్రం దుష్ట సంకల్పం. కొడుకు పుట్టేదాకా కనటం, కొడుకు పుట్టగానే ఆపరేషన్‌కు సిద్ధపడటం అనే ఆచారం వేళ్ళూనుకున్న మన ప్రాంతంలో ఈ హెచ్చరికను తొమ్మిది శతాబ్దాల తరువాత కూడా మననం చేసుకోవలసి ఉంది.

ఆధునిక కాలంలో రెండు సామూహిక నిర్ణయాలు ముఖ్యమైనవి. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై మూడు విషయాలు తీర్మానించింది. మొదటిది, దంపతుల సంతాన స్వేచ్ఛను పరిమితం చేసే సాధారణ చట్టాన్ని ఏ ప్రభుత్వమూ చేయరాదు. రెండవది, స్త్రీకిగాని పురుషునికిగాని సంతానశక్తిని తొలగించటం నిషిద్ధం. షరీఅత్ ప్రమాణాల ప్రకారం అనివార్యావసరం ఏర్పడితే తప్ప. మూడవది, షరీఅత్ గుర్తించిన అవసరం ఉన్నప్పుడు, దంపతులు పరస్పరం సంప్రదించుకుని, సమ్మతించి, హానిలేని ధర్మబద్ధమైన పద్ధతిలో తాత్కాలికంగా గర్భాన్ని నిరోధించటం ధర్మసమ్మతం. కడుపులో ఉన్న పిండానికి మాత్రం ముప్పు కలిగించరాదు.

మరుసటి సంవత్సరం, 1989 ఏప్రిల్‌లో, ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ నాయకత్వంలో న్యూఢిల్లీలో జరిగిన భారత ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ మొదటి సదస్సు ఇదే విషయాన్ని చేపట్టింది. పురుషునికి శాశ్వత నిరోధం ఎట్టి పరిస్థితిలోనూ ధర్మసమ్మతం కాదని అది తీర్మానించింది. స్త్రీకి కూడా సామాన్యంగా నిషిద్ధమే. అయితే మరొక గర్భం వస్తే ఆమె ప్రాణమో, ఏదైనా అవయవమో పోయే ప్రమాదం బలంగా ఉందని నిపుణులు, విశ్వసనీయులు అయిన వైద్యులు అభిప్రాయపడితే ఆమెకు శస్త్ర చికిత్స అనుమతింపబడుతుంది.

ఇండొనేషియా ఉలమా మండలి 1979లో ఈ శస్త్ర చికిత్సలను నిషిద్ధమని ప్రకటించి, 2012లో వేసెక్టమీ విషయమై మరొకసారి చర్చించింది. తిరిగి అతికే అవకాశం నిశ్చయంగా ఉండటం, శాశ్వత వంధ్యత్వం కలగకపోవటం వంటి షరతులు లేకుండా అనుమతి లేదని తేల్చింది. అంటే తీర్పులన్నీ ‘శాశ్వతం’ అనే ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయని స్పష్టమవుతున్నది.

శాశ్వతం అనే మాట బరువు తెలియాలంటే విపత్తులను జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరంలో బిడ్డలందరినీ పోగొట్టుకున్న తల్లుల్లో చాలామంది అప్పటికే ట్యూబెక్టమీ చేయించుకున్నవారు. వారికి రీకెనలైజేషన్ ఖర్చు తానే భరిస్తానని ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. కొల్లేటికి దక్షిణాన ఉన్న దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టనబెట్టుకున్న సంగతి మన పెద్దలకు తెలుసు. రేపు ఏమి జరుగుతుందో ఎరుగని మనిషి, నేటి లెక్క చూసుకుని రేపటి తలుపు మూసుకోవటం వివేకం కాదు.

అనివార్యావసరం అంటే ఏమిటి?

నిషేధానికి మినహాయింపు ‘దరూరత్’, అనగా అనివార్యావసరం. తమ చేతులతో తమను తాము వినాశంలోకి నెట్టుకోరాదన్న 2:195 ఆదేశం దీనికి ఆధారం. తన బిడ్డ కారణంగా ఏ తల్లీ హానికి గురి కారాదని 2:233 స్పష్టం చేస్తున్నది.

గర్భం ధరిస్తే తట్టుకోలేని తీవ్రమైన గుండెజబ్బు, గత కాన్పులో గర్భసంచి చిట్లిపోవటం, అనేక సిజేరియన్ల వల్ల మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయే ప్రమాదం – ఇటువంటివి అనివార్యావసరం కాగలవు. ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 సర్వే నాటికి కాన్పుల్లో సుమారు 42 శాతం సిజేరియన్లే. కనుక ఈ ప్రశ్న మన ఇళ్ళలో తరచుగా ఎదురవుతుంది. కాని “రెండూ పెద్దాపరేషన్లే కదా, దీనితోపాటు అది కూడా చేసేస్తాం” అనే మాట వేరు, “ఈమె మరొకసారి గర్భం ధరిస్తే ప్రాణాపాయం” అనే మాట వేరు. మొదటిది అలవాటు, రెండవది వైద్య నిర్ణయం. ఏది చెబుతున్నారో వైద్యురాలిని సూటిగా అడిగి తెలుసుకోవటం భర్త బాధ్యత. ఆ ప్రశ్న కాన్పు గదిలో కాదు, ఏడో నెలలోనే అడగాలి.

ప్రమాదాన్ని అంచనా వేసేటప్పుడు స్త్రీ నివసించే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆసుపత్రి పక్క వీధిలో ఉన్న ఏలూరు గృహిణికీ, వర్షాకాలంలో దారి మునిగిపోయే కొల్లేటి లంక గ్రామంలోని స్త్రీకీ ఒకే జబ్బు ఒకే స్థాయి ప్రమాదం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలో చేరి, ఏలూరు–కైకలూరు దారి నీటిలో ఉన్న రోజుల్లో, రక్తస్రావమైన గర్భిణిని సమయానికి ఆసుపత్రికి చేర్చటం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఈ పరిస్థితిని వైద్యులకు విడమరచి చెప్పి, వారి మాటను ఆలిముకు చేరవేసి తీర్పు అడగాలి.

పేదరికం మాత్రం దరూరత్ కాదు. అయితే ఈ మాట చెప్పే అర్హత కూడా ఒక బాధ్యతను వెంటబెట్టుకు వస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే సోదరునికి, ఏలూరులో తివాచీలు నేసే ఇంటికి, చేపల చెరువుల మీద కూలికి పోయే కుటుంబానికి “పేదరికానికి భయపడి ఆపరేషన్ చేయించుకోకు” అని చెప్పే జమాఅత్, ఆ ఇంటికి జకాత్ చేరవేసే ఏర్పాటు కూడా చేయాలి. అది చేయకుండా తీర్పు మాత్రమే వినిపించటం సగం ధర్మం.

పురుషునికి మినహాయింపు లేకపోవటానికి కారణం తేలికగానే గ్రహించవచ్చు. గర్భం వల్ల ప్రాణాపాయం కలిగేది స్త్రీకే. కాని ఈ నియమాన్ని అడ్డుపెట్టుకుని “నాకు హరామ్, నీవు చేయించుకో” అని భార్యను ఆసుపత్రికి పంపే భర్త ధర్మాన్ని వక్రీకరిస్తున్నాడు. అనివార్యావసరం లేనప్పుడు ఆమెకు కూడా అది నిషిద్ధమే. అటువంటప్పుడు తాత్కాలిక జాగ్రత్త తన వంతుగా తీసుకోవటం అతని కర్తవ్యం.

తాత్కాలిక మార్గాలు

“ఆపరేషన్ తప్ప వేరే దారి లేదు” అనటం సరికాదు. నిరోధ్ అజ్ల్‌కు అతి సమీపమైన పద్ధతి. శరీరానికి హాని లేదు. కాపర్-టిని కాన్పు అయిన 48 గంటల లోపలనే, అదే ఆసుపత్రిలో అమర్చవచ్చు. రకాన్నిబట్టి అది 5 లేక 10 సంవత్సరాలు పనిచేస్తుంది, తీసివేయగానే మళ్ళీ గర్భధారణకు వీలవుతుంది. రాగి ప్రభావం ప్రధానంగా వీర్యకణాల మీద పడి ఫలదీకరణం జరగకుండా చూస్తుంది. 2017 నుండి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకొకసారి ఇచ్చే ‘అంతరా’ ఇంజెక్షను, ‘ఛాయ’ మాత్రలు కూడా ప్రవేశపెట్టారు. బిడ్డకు రెండేళ్ళు నిండుగా పాలివ్వటం ఖుర్‌ఆన్ సూచించిన అవధి. ఆ కాలమంతా ఎడం పాటించటం తల్లికీ బిడ్డకూ మేలు.

వీటికి సంబంధించి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కాపర్-టిని స్త్రీ వైద్యురాలి చేత పెట్టించుకోవాలి. కాపర్-టి, ఇంజెక్షను వల్ల కొందరిలో రక్తస్రావం హెచ్చుగానో క్రమం తప్పియో ఉంటుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం పది రోజులు మించిన స్రావం ఇస్తిహాజా. ఆ స్థితిలో నమాజు విడువరాదు. ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకుని చదువుకోవాలి.

సమ్మతి ఎవరిది?

ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేయించుకునే స్త్రీకి 22 సంవత్సరాలు నిండి ఉండాలి. ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒక్కరైనా ఉండాలి. సమ్మతి పత్రం ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎప్పుడైనా మనసు మార్చుకునే హక్కు ఆమెకు ఉంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే రోజు ఒకే వైద్యుడు 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేయగా పదిమందికి పైగా మరణించారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలో నిలిపివేయాలని ఆదేశించింది. నొప్పుల్లో ఉన్నప్పుడో, మత్తులో ఉన్నప్పుడో అత్తగారు, ఆడపడుచు చేతికిచ్చిన కాగితం మీద పెట్టిన సంతకం చట్టం దృష్టిలోనూ, షరీఅత్ దృష్టిలోనూ నిజమైన సమ్మతి కాదు.

చట్టం భర్త సమ్మతిని తప్పనిసరి చేయలేదు. షరీఅత్ ఇద్దరి సంప్రదింపునూ కోరుతుంది. బిడ్డకు పాలు మాన్పించటం వంటి చిన్న విషయంలోనే దంపతులు పరస్పరం సంప్రదించుకోవాలని 2:233 నిర్దేశించగా, ఇంత పెద్ద విషయంలో ఒకరు నిర్ణయించి మరొకరు లోబడటం ఎలా తగును?

ఇప్పటికే చేయించుకున్నవారి మాటేమిటి?

ఆపరేషన్ అయినవారి నమాజు చెల్లదనీ, నికాహ్ తెగిపోతుందనీ, జనాజా నమాజు చదవరాదనీ అక్కడక్కడ వినవచ్చే మాటలు పూర్తిగా నిరాధారమైనవి.

అత్యవసర పరిస్థితి కాలంలో నిర్బంధంగా ఆపరేషన్ చేయబడినవారి మీద ఏ పాపమూ లేదు. నిర్బంధింపబడి విశ్వాసానికి విరుద్ధమైన మాట పలికినవానిని సైతం, హృదయం స్థిరంగా ఉన్నంతవరకు, 16:106 మినహాయించింది. వైద్యపరమైన అనివార్యావసరం వల్ల చేయించుకున్న స్త్రీకి కూడా దోషం లేదు. అవసరం లేకుండా, తెలియకనో తెలిసియో చేయించుకున్నవారు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోవాలి. తౌబా ద్వారం తెరచే ఉంది. అటువంటి వ్యక్తి పశ్చాత్తాపపడిన తరువాత ఇమామత్ చేస్తే ఆ నమాజు ఏ లోపమూ లేకుండా నెరవేరుతుందని హనఫీ ముఫ్తీల తీర్పు.

మరి రెండు ధర్మసూత్రాలు. ఆపరేషన్ అయిన స్త్రీకి కూడా ఇద్దత్ విధి. గర్భం లేదని తెలుసుకోవటమొక్కటే ఇద్దత్ ఉద్దేశం కాదు. విడాకులు పొందినట్లయితే మూడు రుతుకాలాలు, భర్త మరణిస్తే నాలుగు నెలల పది రోజులు ఆమె పాటించవలసిందే. ఇక భర్తకు వేసెక్టమీ అయిన తరువాత భార్య గర్భం ధరిస్తే, ఆ బిడ్డ ధర్మశాస్త్రం ప్రకారం అతని బిడ్డే. మొదటి మూడు నెలల జాగ్రత్త పాటించకపోవటం వల్లనో, చికిత్స విఫలం కావటం వల్లనో అలా జరగవచ్చని పైన తెలిపాము. సాక్ష్యం లేకుండా స్త్రీ శీలాన్ని శంకించటం ఖుర్‌ఆన్ శిక్ష నిర్ణయించిన ఘోర నేరం. అపవాదు వేసే నోరు ముందుగా వైద్య పరీక్షకు పోవాలి.

సారాంశం ఇది. ఎడం పాటించటం వేరు, సంతానశక్తిని తొలగించటం వేరు. మొదటిదానికి అవసరం, ఇద్దరి సమ్మతి ఉంటే అనుమతి ఉంది. రెండవది నిషిద్ధం, స్త్రీ ప్రాణానికో అవయవానికో ముప్పు ఉందని విశ్వసనీయ వైద్యులు నిర్ధారిస్తే మాత్రం మినహాయింపు ఉంది. మన ఖతీబులు, ముఅల్లిమాలు ఈ రెండు మాటలనూ వేర్వేరుగా పలకటం అలవాటు చేసుకుంటే, బాలింత మంచం దగ్గరకు కాగితం వచ్చినప్పుడు ఏమి అడగాలో, ఏమి చెప్పాలో మన ఆడపిల్లలకు ముందే తెలిసి ఉంటుంది.

ధర్మాన్ని సరిగా గ్రహించే జ్ఞానాన్ని, దానిని దయతో ఆచరించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.